యరవాడ చెరసాలలో ఒక చదువరి

ఉన్నత పాఠశాలలలో వ్యాసరచన గంట వచ్చినదంటే ఉపాధ్యాయులు తరచుగా ఇచ్చే శీర్షికలలో 'నేను చదివిన పుస్తకం' ఒకటి. నలభైమంది పిల్లలు వ్రాసిన నలభై వ్యాసాలనూ దిద్దడానికి కూర్చున్న ఉపాధ్యాయునికి మొదటి నాలుగింటితోనే సంగతి తెలిసిపోతుంది. శైలి ద్రాక్షాపాకం, పాత్రపోషణ అద్భుతం, నీతి ఉదాత్తం, ప్రతి ఒక్కరూ తప్పక చదువదగినది. ఈ మాటలు నలభై వ్యాసాలలోనూ ఉంటవి. పుస్తకం పేరు మారుతుంది, అభిప్రాయం మారదు. పిల్లవాడు పుస్తకం చదవలేదని కాదు. చదివే ఉంటాడు. నడుమ ఎక్కడనో నిద్రపోయి ఉంటాడు. ఒకచోట కంటతడి పెట్టి ఉంటాడు. ఒక పాత్ర మీద వానికి పట్టరాని కోపం వచ్చి ఉంటుంది. ఆ నిద్ర గాని, ఆ కన్నీరు గాని, ఆ కోపం గాని వ్యాసంలోకి రావు. అవి పైకి చెప్పరాని సంగతులని, అభిప్రాయమంటే పెద్దలు ఇదివరకే స్థిరపరచి ఉంచినదని వానికి ఎవరో నేర్పినారు.

నిద్ర వచ్చినచోట నిద్ర వచ్చినదనీ, కన్నీరు వచ్చినచోట కన్నీరు వచ్చినదనీ చెప్పుకొన్న చదువరి ఒకరు ఈ దేశంలో అందరికీ పరిచితులే. అయితే ఆయనను చదువరిగా తలచుకొనే అలవాటు లోకానికి లేదు. రాట్నం పేరు చెబితే గాంధీజీ గుర్తుకు వస్తారు. ఉప్పు పేరు చెబితే గుర్తుకు వస్తారు. పుస్తకం పేరు చెబితే గుర్తుకు రారు. కాని 1924లో ఆయన తమ 'యంగ్ ఇండియా' వారపత్రికలో చెరసాల అనుభవాలను వరుసగా వ్రాస్తూ, యరవాడలో తాము చదివిన పుస్తకాల జాబితా నొకదానిని ప్రకటించి, వాటిలో కొన్నింటిపై తమ అభిప్రాయాలను వెల్లడించినారు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ చూడవలసిన వ్యాసాలవి. అందులో పండితుని తీర్పులు లేవు. ఒక మనిషి పుస్తకాలతో గడిపిన రోజులు ఉన్నవి.

1922 మార్చి 18న అహమ్మదాబాదులో న్యాయమూర్తి బ్రూంఫీల్డు ఆయనకు ఆరు సంవత్సరాల సాధారణ శిక్ష విధించినారు. యరవాడ చేరిన తరువాత గాంధీజీ తమకోసం ఒక పాఠ్యక్రమం తయారుచేసుకొన్నారు. అది పూర్తి కావడానికి ఆరేళ్ళు కూడా చాలవని ఆయనే చెప్పుకొన్నారు. సంస్కృతం, ఉర్దూ, తమిళం చక్కగా పట్టుబడవలె. మూలగ్రంథాలను మూలభాషలలోనే చదువుకొనవలె. దినంలోని ప్రతి నిమిషానికీ లెక్క ఉన్నది. ఏబదినాలుగేండ్ల వయస్సులో, అంతంతమాత్రపు ఆరోగ్యంతో, ఇరువదినాలుగేండ్ల పడుచువానివలె చదువుకు కూర్చున్నానని ఆయన వ్రాసినప్పుడు ఆ మాటలో కొంత గర్వం కూడా వినిపిస్తుంది.

జాబితా చూచినవారికి నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ కలుగుతుంది. వాల్మీకి రామాయణం, పతంజలి యోగదర్శనం ప్రక్కన 'టామ్ బ్రౌన్ పాఠశాల దినాలు' ఉన్నది. ఖురాను ఉన్నచోటనే కిప్లింగు అడవి కథలు ఉన్నవి. గెటే 'ఫౌస్టు', బేకన్ ప్రాచీనుల వివేకాన్ని గురించి వ్రాసిన గ్రంథం, మెకాలే రోము గాథలు, స్టీవెన్సన్ వ్రాసిన డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్‌ల కథ, జూల్ వెర్న్ నవల: ఏ పండితుడైనా ఇటువంటి జాబితాను బయట పెట్టడానికి వెనుకాడును. బయట పెట్టినా జూల్ వెర్న్‌ను తీసివేసి పెట్టును. గాంధీజీ తీసివేయలేదు. చదివినది చదివినట్లే చెప్పినారు.

ఇంతకూ ఆయన పుట్టు చదువరి కారు. బడిలో ఉన్నప్పుడు పాఠ్యపుస్తకాలు దాటి ఏదీ చదివే ఇచ్ఛ తనకు లేదని పలుమార్లు ఒప్పుకొన్నారు. తండ్రి కొన్న శ్రవణుని పితృభక్తి నాటకం ఒకటి ఎట్లో కంటబడినది. దానిని విడువకుండా చదివినారు. ఊళ్ళు తిరిగే బొమ్మలవాళ్ళు వచ్చి, తల్లిదండ్రులను కావడిలో మోసే శ్రవణుని చూపించినారు. తరువాత హరిశ్చంద్ర నాటకం చూచినారు. బాల్యంలో ఆయన సాహిత్య పరిచయమంతా ఇంచుమించు ఈ రెండు కథలే. అదే ఇంటిలో మనుస్మృతి అనువాదం ఒకటి దొరికినది. అందలి సృష్టి కథ ఆ పిల్లవాని మనస్సుకు పట్టలేదు. పైగా కొంత నాస్తికత వైపు త్రోసినది. ఈ సంగతిని ఆయన ఆత్మకథలో దాచకుండా వ్రాసినారు. మహాత్ముడైన తరువాత వ్రాసిన పుస్తకంలో చిన్ననాటి ఈ అభిప్రాయాన్ని దిద్దుకొనే అవకాశం ఆయనకు ఉన్నది. దిద్దుకొనలేదు.

లండనులో చదువుకొనే రోజులలో రెండు పుస్తకాల కథ జరిగినది. ఒకటి హెన్రీ సాల్టు వ్రాసిన శాకాహార సమర్థన. ఫారింగ్డన్ వీధిలోని భోజనశాలలో ఒక షిల్లింగుకు కొన్నారు. అంతవరకు మాంసం ముట్టకుండుటకు కారణం తల్లికి ఇచ్చిన మాట. పుస్తకం ఆసాంతం చదివిన తరువాత కారణం మారినది. అది తన ఇష్టం అయినది. పళ్ళెంలోని భోజనం మారలేదు, తినే మనిషి మారినాడు. రెండవది బైబిలు. అమ్మినవానికి చదువుతానని మాట ఇచ్చినారు గనుక చదవక తప్పలేదు. పాత నిబంధన చదువుతూంటే నిద్ర ముంచుకొని వచ్చినది. సంఖ్యాకాండమన్నచో బొత్తిగా గిట్టలేదు. చదివినానని చెప్పుకొనడానికే పేజీలు త్రిప్పినానని ఆయన వాఙ్మూలం. క్రొత్త నిబంధనకు వచ్చి, అందులో కొండమీది ప్రసంగం చేరేసరికి ఆ మాటలు నేరుగా హృదయంలోనికి పోయినవి. ఒకే అట్ట నడుమ ఉన్న పుస్తకంలో ఒక భాగం నిద్ర తెచ్చినది, ఒక భాగం నిద్ర చెడగొట్టినది. రెంటినీ చెప్పినందువలననే రెండవ మాటను నమ్మబుద్ధి అవుతుంది.

ప్రిటోరియాలో 1893లో కోట్సు అనే క్రైస్తవ మిత్రుడు పుస్తకాలమీద పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. వాటిని గురించి గాంధీజీ ఇచ్చిన అభిప్రాయాలు ఏ వ్యాసరచన తరగతిలోనైనా చదివి వినిపించదగినవి. ఒక వ్యాఖ్యానం నీతిబోధకంగా ఉన్నది గాని క్రైస్తవ విశ్వాసం మొదటినుండి లేనివానికి దానితో ప్రయోజనం లేదన్నారు. క్రైస్తవమే సత్యమని తిరుగులేని నిదర్శనాలతో నిరూపిస్తానని బయలుదేరిన మరొక గ్రంథం తనమీద ఏమీ పనిచేయలేదన్నారు. బట్లరు వ్రాసిన 'అనాలజీ' మాత్రం లోతైనది, కఠినమైనది. నాలుగైదు పర్యాయాలు చదివితే గాని అంతుపట్టదన్నారు. నచ్చనిది, పనిచేయనిది, అంతుపట్టనిది అని మూడింటినీ మూడుగా విడదీసి చూడడం చిన్న విషయం కాదు. అంతుపట్టనిదాన్ని నచ్చలేదని త్రోసివేయడం, నచ్చనిదాన్ని గొప్పదని పొగడడం చదువరులలో సర్వసాధారణం. పొగడితే పాండిత్యం వచ్చినట్లు కనబడుతుంది మరి.

ఇక రస్కిను కథ. ఇది అందరికీ తెలిసినదే అయినా అందులో ఒక మెలిక ఉన్నది. 1904లో గాంధీజీ జోహాన్నెస్‌బర్గు నుండి డర్బనుకు రైలెక్కినారు. సాగనంపడానికి వచ్చిన మిత్రుడు పోలక్, దారిలో చదువుకొమ్మని ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టినాడు. 'అన్ టు దిస్ లాస్ట్'. ఇరువదినాలుగు గంటల ప్రయాణం. పుస్తకం చేతిలోనుండి దిగలేదు. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. పుస్తకంలోని ఆదర్శాలకు తగినట్లు బ్రతుకు మార్చుకొనవలెనని అప్పుడే నిశ్చయం. అందరి మేలులోనే ఒక్కొక్కని మేలు ఇమిడి ఉన్నది. న్యాయవాది పనికెంత విలువో మంగలి పనికీ అంతే. నేల దున్నేవాని బ్రతుకు, చేతిపనివాని బ్రతుకు బ్రతుకదగినవి. ఈ మూడూ ఆ పుస్తకం నేర్పినవని ఆయన వ్రాసినారు. మొదటిది తనకు తెలుసు, రెండవది లీలగా తెలుసు, మూడవది ఎన్నడూ తోచలేదు అని కూడా చెప్పినారు.

మెలిక ఏమంటే, రస్కిను పుస్తకం తెరిచి చూచినవారికి ఈ మూడు సూత్రాలు ఈ వరుసలో ఎక్కడా కనబడవు. అందులో ఉన్నది నాలుగు వ్యాసాలు. కూలి ఎట్లు నిర్ణయించవలె, ధనమంటే ఏమి, విలువ అంటే ఏమి అని ఆనాటి అర్థశాస్త్రజ్ఞులతో రస్కిను పెట్టుకొన్న వాదం. 1860లో 'కార్న్‌హిల్' మాసపత్రికలో వస్తూండగా చదువరులు మండిపడినారు. సంపాదకుడైన ఠాకరే నాలుగింటితో ఆపివేయించినాడు. ఆ చదువరులు చదివినదీ అదే పుస్తకం, నలభైనాలుగేళ్ళ తరువాత రైలులో గాంధీజీ చదివినదీ అదే పుస్తకం. తన మనస్సులో అంతకుముందే గాఢంగా ఉన్న విశ్వాసాలకు అది అద్దం పట్టినదని ఆయనే ఒప్పుకొన్నారు. అంటే పుస్తకం సగం వ్రాసినవానిది, సగం చదివినవానిది. విమర్శకులు దీనిని తప్పు చదువు అనవచ్చును. పరీక్షలో రస్కిను సిద్ధాంతాలేవి అని అడిగినప్పుడు ఈ మూడు సూత్రాలు వ్రాసిన విద్యార్థికి మార్కులు రావడమూ కష్టమే.

కాని ఆ తప్పు చదువు ఎంత దూరం నడిచినదో చూడవలె. ఆ సంవత్సరమే డర్బనుకు పదునాలుగు మైళ్ళ దూరాన ఫీనిక్సులో నూరెకరాల నేల, దానిమీద ఆశ్రమం. 1908లో గుజరాతీలో ఆ పుస్తకానికి సారాంశం, దానికి 'సర్వోదయం' అని పేరు. 1951లో హైదరాబాదు దాపున శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వినోబా కాలినడకన వచ్చినారు. అక్కడనుండి తెలంగాణా పల్లెలలో నడుస్తూ ఏప్రిలు 18న నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరినారు. హరిజనులు సాగుకు భూమి అడిగినారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం పుట్టినది. పోచంపల్లి రైతుకూలీలలో రస్కిను పేరు విన్నవాడు ఆనాడు ఒక్కడైనా ఉండి ఉండడు. ఒక ఇంగ్లీషు పుస్తకానికి గుజరాతీలో పెట్టిన సంస్కృతపు పేరు తెలుగు పల్లెకు భూమి మాటగా వచ్చినది.

యరవాడకు మరల వద్దాము. అక్కడ ఆయన వెల్లడించిన అభిప్రాయాలలో మిక్కిలి సాహసమైనది మహాభారతాన్ని గురించినది.

తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి అనే సామెత పుట్టిన భాష మనది. నన్నయ, తిక్కన, ఎర్రనల పేర్లు చెప్పుకొని పెరిగిన తెలుగువాడు భారతం పూర్తిగా చదవలేదని నలుగురిలో ఒప్పుకొనడు. పదునెనిమిది పర్వాలలో విరాటపర్వం కొంత, ఉద్యోగపర్వంలో రాయబారం కొంత చదివినవారు కూడా అంతా చదివినట్లే మాట్లాడుతారు. గాంధీజీ మాత్రం ఏబదేళ్ళు దాటేవరకు భారతం సాంతంగా చదవలేదని బాహాటంగా చెప్పినారు. అంతేకాదు, దానిపై తనకు ఒక దురభిప్రాయం కూడా ఉండేదన్నారు. అది రక్తపాతపు కథ అనీ, అంతులేని వర్ణనలతో నిద్ర తెప్పిస్తుందనీ అనుకొన్నారట. మళ్ళీ ఆ నిద్రే! ఆ సంపుటాల లావు చూచి భయపడినారట. గుజరాతీ అనువాదం చేతికి తీసుకొని మొదలుపెట్టిన తరువాత విడువ బుద్ధి కాలేదు. ఎప్పుడు ముగిస్తానా అని ఆతురత. ముగించేసరికి మొదటి అభిప్రాయం తప్పని తేలినది. నాలుగు మణులున్న పెట్టె అనుకొన్నది త్రవ్వినకొలదీ రత్నాలు దొరికే గని అయినది.

అదే కాలంలో గిబ్బన్ వ్రాసిన రోమక సామ్రాజ్య క్షీణ పతన చరిత్ర కూడా చదివినారు. 1776 మొదలు 1788 వరకు ఆరు సంపుటాలుగా వెలువడిన మహాగ్రంథం అది. ఇంగ్లీషు మిత్రులు ఎన్నో ఏళ్ళుగా చదవమని చెబుతూ వచ్చినది. చదివి సంతోషించినారు. దానితోపాటు మాట్లీ వ్రాసిన డచ్చి గణరాజ్య చరిత్రను కూడా తలచుకొన్నారు. ఆ మీదట ఇచ్చిన తీర్పు వింటే చరిత్రోపాధ్యాయులు కుర్చీలలోనుండి లేచి నిలుచుంటారు. గిబ్బను, మాట్లీల గ్రంథాలు భారతానికి తక్కువరకపు ప్రతులట! జరిగినదాన్ని జరిగినట్లు వ్రాసేవాని చేతికి నిత్యజీవితానికి అక్కరకు వచ్చేది చిక్కదనీ, సత్యం చరిత్రకు అందనిదనీ ఆయన భావం. భారతం ఆయనకు చరిత్ర కాదు. మంచికీ చెడుకూ ఎడతెగకుండా జరిగే పోరును కవి మనుష్యుల పేర్లు పెట్టి చెప్పినాడు. అది మహానదివలె దారిలో ఎన్నో వాగులను, బురదవాగులను కూడా కలుపుకొని ప్రవహించినది అని ఆయన చూపు.

ఈ తీర్పును అట్లే అంగీకరించనక్కరలేదు. గిబ్బను చేసిన పని వేరు, వ్యాసుడు చేసిన పని వేరు. ఒక సామ్రాజ్యం ఎందుకు కూలినదని అడిగి, ఆధారాలు ప్రోగుచేసి, పుటపుటకూ అడుగున మూలాలు చూపుతూ సమాధానం చెప్పడానికి గిబ్బను తన జీవితంలో మంచి భాగాన్ని ధారపోసినాడు. ఆ శ్రమకు దానిదైన ధర్మం ఉన్నది. చరిత్రలో నుండి నీతిని మాత్రం పిండుకొని తక్కినదాన్ని తక్కువరకమని ప్రక్కన పెడితే, చరిత్ర చదవడమే అనవసరమైపోతుంది. పదవ తరగతి విద్యార్థి ఈ మాటను పట్టుకొని చరిత్ర పరీక్షకు పోతే వాని గతి ఏమి? కాబట్టి ఇక్కడ గాంధీజీతో విభేదించడానికి ఎవరూ సంకోచించనక్కరలేదు. విభేదించడానికి వీలైన అభిప్రాయం కనుకనే అది అభిప్రాయం. 'శైలి ద్రాక్షాపాకం' అన్నవానితో ఎవరు మాత్రం ఏమని వాదిస్తారు?

అయినా ఆయన ఆ మాట అన్న చోటును గుర్తుంచుకొనవలె. చౌరీచౌరా జరిగి ఎంతో కాలం కాలేదు. 1922 ఫిబ్రవరిలో అక్కడ పోలీసు ఠాణాను ఇరువదిఇద్దరు పోలీసులతో సహా జనం తగులబెట్టినారు. గాంధీజీ ఉద్యమాన్ని నిలిపివేసినారు, సహచరులే నిష్ఠురాలాడినారు. అటువంటి మనిషి చెరసాలలో కూర్చుండి భారతం చదివినాడు. యుద్ధం ముగిసేసరికి పాండవుల వైపు ఏడుగురు, కౌరవుల వైపు ముగ్గురు మిగిలినారు. స్త్రీపర్వమంతా ఏడుపు. శాంతిపర్వం మొదట ధర్మరాజుకు గెలిచిన రాజ్యం మీద రోత. గెలిచినవాడు కూడా ఓడినట్లే మిగిలినాడని కవి చూపినాడని గాంధీజీ ఎత్తి చూపినారు. యుద్ధకావ్యంలో యుద్ధం వ్యర్థమన్న సాక్ష్యం ఆయనకు కనబడినది. ఇది పండిత వ్యాఖ్యానమా, గాయపడిన మనిషి వెదుకులాటా అంటే రెండూ కావచ్చును. భారతం వేయి సంవత్సరాలుగా తెలుగులో చదువబడుతున్నది. ప్రతి తరం తన గాయంతోనే దాని దగ్గరకు పోయినది.

మెచ్చిన పుస్తకాలను గురించి మాట్లాడడం ఒక ఎత్తు. ఒళ్ళు మండించిన పుస్తకాన్ని గురించి మాట్లాడడం ఒక ఎత్తు. చెరసాలనుండి వచ్చిన తరువాత అటువంటి పరీక్ష కూడా ఆయనకు ఎదురైనది. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికా రచయిత్రి 'మదర్ ఇండియా' వెలువరించినది. బాల్యవివాహాలు, అపరిశుభ్రత, అస్పృశ్యత మొదలైనవన్నీ ఏకరువు పెట్టి, ఇటువంటి జాతి స్వరాజ్యానికి తగదనే భావం కలిగేటట్లు వ్రాసిన పుస్తకం. దేశమంతటా గగ్గోలు పుట్టినది. చదవనివారు ఎక్కువగా కేకలు వేసినారు. ఇది ఎప్పుడూ ఉన్నదే. గాంధీజీకి ఉత్తరాలమీద ఉత్తరాలు వచ్చినవి. ఆయన పుస్తకం తెప్పించి చదివి, సెప్టెంబరు 15నాటి 'యంగ్ ఇండియా'లో సమీక్షించినారు. పుస్తకం నేర్పుగా, బలంగా వ్రాయబడినదని ఒప్పుకొన్నారు. కాని అది మురికికాలువల తనిఖీదారు నివేదికవంటిదన్నారు. ఒక దేశపు మురికికాలువలన్నీ తెరిచి చూచి, వాటి కంపును వర్ణించి, ఇదే ఆ దేశమని చెబితే అది సత్యం కాదు అన్నారు. తన మాటలను ఆమె వక్రంగా ఉటంకించిన చోట్లను చూపించినారు.

అక్కడితో ఆగి ఉంటే చదువరులు చప్పట్లు కొట్టి ఉందురు. ఆయన ఆగలేదు. ఆమె మోపిన నేరాన్ని ఆమె మోపిన రూపంలో నిరాకరించవచ్చును గాని, దాని వెనుకనున్న అసలు సంగతిని నిరాకరించడానికి వీలు లేదన్నారు. భారతీయులు ఆ పుస్తకం చదివితే కొంత మేలే జరుగుతుందని కూడా అన్నారు. ఒకే సమీక్షలో రచయిత్రికీ మందలింపు, చదువరికీ మందలింపు. పత్రికలలో గ్రంథసమీక్షలు వ్రాసేవారు ఈ ఒక్క వ్యాసాన్ని దగ్గర ఉంచుకొంటే చాలును. పొగడ్తకు పుట, తెగడ్తకు పుట అని కొలిచి పంచే అలవాటు నుండి కొంతైనా బయటపడుదురు.

ఆయనలో చదువరికి తగిన కొంటెతనమూ లేకపోలేదు. 1942 నుండి 1944 వరకు పూనాలో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు మార్క్సు 'పెట్టుబడి' చదివినారు. మార్క్సుకు దొరికినంత తీరిక, అధ్యయనం తనకూ ఉంటే దీనిని ఇంతకన్నా బాగా వ్రాసి ఉందునన్నారట!

ఉపాధ్యాయులు మాత్రం ఆయన పుస్తక ప్రీతిని చూచి తొందరపడకూడదు. ఇదే మనిషి టాల్‌స్టాయి క్షేత్రంలో పిల్లలకు చదువు చెప్పినప్పుడు పాఠ్యపుస్తకాల అవసరమే తనకు తోచలేదని ఆత్మకథలో వ్రాసినారు. తన ఉపాధ్యాయులు పుస్తకం చూచి చెప్పినవి ఏవీ గుర్తు లేవట. పుస్తకం మూసి చెప్పినవి మాత్రం గుర్తున్నవట. విద్యార్థికి అసలైన పాఠ్యపుస్తకం ఉపాధ్యాయుడే అని ఆయన అభిప్రాయం. ఈ రెండు మాటలకూ పొత్తు ఎట్లు కుదురుతుంది? పుస్తకాలు చాలా చదవలేదు కనుకనే చదివినవి బాగా జీర్ణమైనవని రస్కిను ప్రస్తావన దగ్గర ఆయన చెప్పుకొన్నారు. సమాధానం బహుశా అక్కడ ఉన్నది. పాఠశాలలలో గ్రంథాలయపు గంట పేరిట అరగంటలో పుస్తకం మార్చి పంపే చోట ఆ జీర్ణం కావడానికి సమయం ఏది? బీరువాకు తాళం వేసి, పుస్తకాలు చెడిపోవునని పిల్లలకు ఇవ్వని చోట్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

గ్రంథాలయాలపై ఆయనకు గౌరవం ఉన్నదనడానికి తెలుగు దేశంలోనే గుర్తు ఉన్నది. 1918లో వేటపాలెంలో స్థాపితమైన సారస్వత నికేతనానికి క్రొత్త భవనం కట్టడానికి 1929లో శంకుస్థాపన చేసినది గాంధీజీయే. చీరాల ప్రక్కన, నేతగాండ్ర నడుమ ఉన్న ఊరు అది. పాత తెలుగు పత్రికలు వెదుకుకొంటూ ఆ భవనానికి పోయే పరిశోధకులకు ఆ సంగతి తెలిసే ఉంటుంది.

యరవాడ చదువు చివరకు పూర్తి కాలేదు. 1924 జనవరిలో కడుపులో నొప్పి వచ్చినది. పూనాలోని సాసూన్ ఆసుపత్రికి తీసుకొనిపోయి, 12వ తేదీ రాత్రి కర్నల్ మాడక్ శస్త్రచికిత్స చేసినారు. బయట ఉరుములతో వాన. నడుమ విద్యుద్దీపాలు ఆరిపోయినవి. లాంతరు వెలుగులో ముగించినారు. ఫిబ్రవరి 5న ప్రభుత్వం ఆయనను విడుదల చేసినది. ఆరేళ్ళ పాఠ్యక్రమం రెండేళ్ళైనా నిండకముందే తెగిపోయినది. మంచి ఉర్దూ పండితుడనై, తమిళ పండితుడనై బయటకు వచ్చి ఉందునే అని ఆయన వ్రాసుకొన్నారు. దేశమంతా విడుదలైనందుకు పండుగ చేసుకొంటూంటే, విడుదలైనవానికి చదువు ఆగిపోయినదన్న దిగులు కూడా ఉండెను.

ఆ చెరసాలలో ఆయన ఉర్దూలో చదివిన పుస్తకాలలో మౌలానా షిబ్లీ నుమానీ వ్రాసిన ప్రవక్త జీవితచరిత్ర ఒకటి. షిబ్లీ ఆ గ్రంథాన్ని ముగించకుండానే 1914లో కన్నుమూసినారు. శిష్యుడు సులేమాన్ నద్వీ కొనసాగించినారు. ఇస్లాంకు ఆనాడు చోటు సంపాదించి పెట్టినది కత్తి కాదు, ప్రవక్త నిరాడంబరత, ఆడిన మాట తప్పని గుణం, నిర్భయత అని ఆ చదువు తనకు నిశ్చయం కలిగించినదని గాంధీజీ వ్రాసినారు. ఖిలాఫతు నాటి స్నేహం సడలి, ఊరూరా హిందూ ముస్లిము కలహాలు చెలరేగుతున్న 1924లో అచ్చు వేసిన అభిప్రాయం అది. ఆ మాటతోపాటు మరొక చిన్న మాట కూడా వ్రాసినారు. రెండవ సంపుటం మూసిన తరువాత, ఆ మహాజీవితాన్ని గురించి చదవడానికి ఇంకా మిగలలేదే అని తనకు విచారం కలిగినదట.